చర్మం పాలిషింగ్ చేయించుకునే ముందు: ఏ మచ్చకు మేలు, ఏ మచ్చకు కీడు

ఈ నెల ఆరోగ్య పాఠంలో చర్మాన్ని నునుపు చేసే ఒక పద్ధతి గురించి తెలుసుకుందాం. దీని పేరు మైక్రోడెర్మాబ్రేషన్. బ్యూటీ పార్లర్లలో దీనిని స్కిన్ పాలిషింగ్ అనీ, డైమండ్ పాలిషింగ్ అనీ పిలుస్తున్నారు. ఒకప్పుడు ఇది పెద్ద నగరాల్లోని చర్మ వైద్యుల దగ్గరే ఉండేది. ఇప్పుడు బెంజి సర్కిల్ మొదలుకొని గుడివాడ, మచిలీపట్నం, తెనాలి వరకు బోర్డులు కనబడుతున్నాయి. పెళ్లి కుదిరిన ఇంట్లో బట్టలు, నగలతో పాటు ఇది కూడా ఒక ఖర్చుగా చేరింది.

ఇది మంచిదా, చెడ్డదా అని మమ్మల్ని చాలామంది అడుగుతున్నారు. తగిన మచ్చకు, తగిన చేతుల్లో చేస్తే మంచిదే. కాని ఆ మచ్చ ఏమిటో తెలుసుకోకుండా చేయించుకుంటే నష్టం జరగవచ్చు. అందుకు మా ఓపీలో జరిగిన ఒక సంగతి ముందుగా చెబుతాము.

మేము పొరపడిన మచ్చ

కొన్ని సంవత్సరాల క్రితం పామర్రు వైపు గ్రామం నుండి ఒక తల్లి తన కూతురిని జ్వరానికి తీసుకువచ్చింది. వెళ్లేటప్పుడు ఆ అమ్మాయి ముంజేతి మీద రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చను చూపించి, "సిస్టర్ గారూ, ఇదేంటండీ?" అని అడిగింది. ఓపీలో రద్దీగా ఉంది. మేము పైపైన చూసి, "శోభి అయ్యుంటుందమ్మా, పోతుందిలే" అన్నాము. దూదితో తాకి చూడలేదు.

ఏడాది తరువాత ఆ అమ్మాయికి పెళ్లి కుదిరింది. చేతులు నునుపుగా ఉండాలని ఒక పార్లర్‌లో మూడుసార్లు పాలిషింగ్ చేయించారు. మచ్చ పోలేదు సరికదా, ఇంకొంచెం పెద్దదైంది. ఒక ఉదయం అట్లు పోస్తుండగా పెనం అంచు సరిగ్గా ఆ మచ్చ మీదే తగిలింది. బొబ్బ లేచిందని తల్లి చూసి చెప్పేవరకు అమ్మాయికి తెలియలేదు. కాలిన చేతికి కట్టు కట్టించుకోవడానికి మా దగ్గరకు వచ్చారు. "కాలితే నొప్పి తెలియలేదా?" అని అడిగినప్పుడు ఆమె "లేదండీ" అంది. అప్పుడు గాని మాకు అసలు సంగతి అర్థం కాలేదు. డాక్టరు గారు పరీక్ష చేసి అది కుష్ఠు మచ్చ అని చెప్పారు.

ఆమె ఆరు నెలలు మందు వాడి పూర్తిగా నయమైంది. మచ్చ రంగు కలిసిపోయింది. స్పర్శ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఈ రోజుకీ పొయ్యి దగ్గర ఆ చేతిని కంటితో చూసుకుంటూ పని చేసుకుంటుంది. ఒక సంవత్సరం ముందే మేము దూదితో తాకి ఉంటే, ఆ స్పర్శ చాలావరకు దక్కేదేమో. ఆ రోజు నుండి మా ఓపీ బల్ల మీద దూది ఉంటుంది. పాలిపోయిన మచ్చ ఏది కనబడినా తాకి చూడకుండా పంపించము.

ఈ పాఠం చెప్పేది కూడా అదే. ముందు మచ్చ ఏమిటో చూపించుకోండి, పాలిషింగ్ సంగతి తరువాత చూసుకోవచ్చు.

మైక్రోడెర్మాబ్రేషన్ అంటే ఏమిటి?

మన ఇళ్లలో పండుగనాడు పిల్లలకు సున్నిపిండితో నలుగు పెడతాము. బీరపీచుతో వీపు రుద్దుతాము. అప్పుడు మట్టితో పాటు చర్మం పైనున్న మృతకణాలు కూడా రాలిపోతాయి. మైక్రోడెర్మాబ్రేషన్ చేసే పని కూడా ఇదే. కాకపోతే యంత్రంతో, ఒకే తీరుగా చేస్తారు.

ఈ పద్ధతి 1985లో ఇటలీ దేశంలో మొదలైంది. తొలి యంత్రాలు అల్యూమినియం ఆక్సైడ్ అనే సన్నని గరుకు పొడిని చర్మం మీదికి చిమ్మి, వెంటనే ఆ పొడినీ రాలిన కణాలనూ లోపలికి పీల్చుకునేవి. తరువాత సన్నని వజ్రపు పొడి అద్దిన కొనతో రుద్దే యంత్రాలు వచ్చాయి. డైమండ్ పాలిషింగ్ అనే పేరు అలా వచ్చింది. మత్తు ఇవ్వనవసరం లేదు. అరగంటలో పూర్తవుతుంది. చర్మం కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు ఎర్రగా ఉండి తగ్గిపోతుంది.

ఒకసారితో పెద్ద మార్పు కనబడదు. సాధారణంగా వారం, రెండు వారాల ఎడంతో ఐదారుసార్లు చేయవలసి ఉంటుంది. ఒక్కసారి ధర విని సంతోషపడక, మొత్తం ఎన్నిసార్లో అడిగి లెక్క వేసుకోండి.

ఒక ముఖ్యమైన సంగతి గుర్తుంచుకోవాలి. ఈ యంత్రం తాకేది చర్మంలోని అన్నిటికంటే పై పొరను మాత్రమే. ఆ మృతకణాల పొర మిల్లీమీటరులో వందో వంతు, రెండు వంతులకు మించదు. అందువల్ల పైపొరలో ఉన్న లోపానికే ఇది మేలు చేస్తుంది. లోపలి నుండి వస్తున్న దానికి చేయదు. గోడకు లోపలి నుండి చెమ్మ ఊరుతుంటే, పైన ఎన్నిసార్లు సున్నం వేసినా మళ్లీ మరక కనబడుతుంది కదా.

ఏ సమస్యలకు మేలు చేస్తుంది?

1. కళ తప్పి, గరుకుగా మారిన చర్మం. ఎండలో తిరిగేవారికి మృతకణాలు పేరుకొని ముఖం మొద్దుగా కనబడుతుంది. దీనికి మంచి ఫలితం ఉంటుంది.

2. ముక్కు మీద, గడ్డం మీద ఉండే బ్లాక్ హెడ్స్, తెరుచుకున్నట్లు కనబడే రంధ్రాలు. కొంత తగ్గుతాయి. జిడ్డు చర్మం వారికి మళ్లీ వస్తాయి.

3. మొటిమలు మానిన తరువాత మిగిలిన లేత మచ్చలు, పైపైని గుంటలు. నెమ్మదిగా తగ్గుతాయి.

4. కళ్ల పక్కన, నుదుటి మీద కనబడే సన్నని గీతలు. కొంతకాలం తక్కువగా కనబడతాయి.

5. కాన్పు తరువాత పొట్ట మీద మిగిలే చారలు. కొద్దిపాటి తేడా మాత్రమే ఉంటుంది. పూర్తిగా పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

లోతైన మొటిమల గుంటలకు, సూదితో పొడిచినట్లుండే రంధ్రాలకు ఇది చాలదు. వాటికి చర్మ వైద్యులు చేసే వేరే చికిత్సలు ఉన్నాయి.

ఏ సమస్యలకు చేయించుకోరాదు?

పచ్చి మొటిమలు: ఎర్రగా వాచి, చీము పట్టిన మొటిమల మీద రుద్దితే అవి ఇంకా రేగి, మచ్చలు ఎక్కువవుతాయి. మన విజయవాడ హాస్టళ్లలో ఇంటర్ చదివే పిల్లలు మొటిమలను గిల్లుతుంటారు. వారికి ముందు మొటిమలు తగ్గడానికి మందు కావాలి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవారు, ఈమధ్యనే వాడి మానినవారు ఆ సంగతి తప్పక డాక్టరుకు చెప్పాలి.

తామర: గజ్జల్లో, నడుము దగ్గర గుండ్రంగా వచ్చి దురద పెడుతుంది. చెమట, తడి బట్టలు ఉండే మన డెల్టాలో ఇది చాలా ఎక్కువ. రుద్దితే పక్కలకు పాకుతుంది. అదే కొనతో ఇంకొకరికి చేస్తే వారికీ అంటవచ్చు.

పులిపిర్లు, నోటి దగ్గర నీటి పొక్కులు: ఇవి వైరస్ వల్ల వచ్చేవి. రుద్దితే వ్యాపిస్తాయి.

బొల్లి: బొల్లి ఉన్నవారి చర్మానికి రాపిడి గాని, గాయం గాని తగిలితే అక్కడ కొత్త మచ్చ రావచ్చు. సోరియాసిస్ ఉన్నవారికి కూడా ఇంతే.

ఉబ్బు మచ్చలు: చెవులు కుట్టించిన చోట, కోసుకున్న చోట మచ్చ ఉబ్బి గట్టిపడే స్వభావం కొందరికి ఉంటుంది. వీరు ముందుగా డాక్టరు సలహా తీసుకోవాలి.

పెరుగుతున్న పుట్టుమచ్చ: పుట్టుమచ్చ పెద్దదవుతున్నా, రంగు మారినా, రక్తం కారినా అది పార్లర్ పని కాదు. ఆలస్యం లేకుండా డాక్టరుకు చూపించాలి.

మంగు మచ్చల సంగతి

మా దగ్గరకు వచ్చే అక్కలు, చెల్లెళ్లు ఎక్కువగా అడిగేది మంగు గురించే. రెండు బుగ్గల మీద, ముక్కు మీద గోధుమ రంగులో పరుచుకుంటుంది. గర్భం, గర్భనిరోధక మాత్రలు, వంశపారంపర్యం, అన్నిటికంటే ముఖ్యంగా ఎండ దీనికి కారణాలు. గర్భిణిగా ఉన్నప్పుడు వచ్చిన మంగు చాలామందికి కాన్పు అయిన కొన్ని నెలలకు దానంతట అదే తగ్గుతుంది. తొందరపడవద్దు.

మంగులో రంగు కొందరికి పైపొరలో, కొందరికి లోతుగా ఉంటుంది. పైన ఉన్నవారికి పాలిషింగ్ వల్ల కొంత లాభం కనబడవచ్చు. కాని మనలాంటి చామనఛాయ చర్మానికి ఒక గుణం ఉంది. కాస్త గట్టిగా రుద్దినా అది నల్లబడి జవాబు చెబుతుంది. మచ్చ పోగొట్టుకుందామని వెళ్లి ఇంకా నల్లని మచ్చతో తిరిగి వచ్చినవారిని మేము చూశాము. మంగుకు మొదటి మందు ఎండ నుండి కాపాడుకోవడం. గొడుగు, అంచు వెడల్పు టోపీ, ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ వాడాలి. ఉదయం ఒకసారి రాసుకుంటే రోజంతా పనిచేయదు. బయట ఉంటే రెండు మూడు గంటలకు మళ్లీ రాయాలి. నాట్లు వేసేవారికి పైనుండి ఎండ, కింద నీటి మీద నుండి ఎండ రెండూ తగులుతాయి. తలగుడ్డను నుదుటి మీదికి, బుగ్గల మీదికి వచ్చేలా కట్టుకోవాలి.

తెల్లబరిచే క్రీములు

మెడికల్ షాపులో అడిగి కొనే కొన్ని క్రీములు వారం రోజుల్లో ముఖాన్ని తెల్లగా చేస్తాయి. వాటిలో బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. సన్నని ఎర్రని నరాలు తేలతాయి. ముఖం మీద వెంట్రుకలు, మొటిమలు వస్తాయి. మానేస్తే మంట, ఎర్రదనం వస్తాయి కనుక మళ్లీ అదే రాస్తారు. ఇటువంటి క్రీములలో చాలావాటిని 2018లో కేంద్ర ప్రభుత్వం డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితాలో చేర్చింది. అయినా చీటీ లేకుండా కొంటున్నవారు ఉన్నారు.

కొన్ని పేరులేని తెల్లబరిచే క్రీములలో పాదరసం కూడా ఉంటుంది. కేరళలో మలప్పురం జిల్లాలో ఇటువంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చినట్లు 2023లో వైద్యులు గుర్తించారు.

స్టెరాయిడ్ క్రీము రాసి పలచబడిన చర్మం మీద పాలిషింగ్ చేస్తే గాయమవుతుంది. ఏ క్రీము రాస్తున్నారో దాచకండి. ఆ ట్యూబును చేతిలో పట్టుకొని డాక్టరు దగ్గరకు రండి. ఒక్కసారిగా మానకుండా, ఎలా మానాలో వారే చెబుతారు.

మెడ నలుపు మురికి కాదు

తల్లులు పిల్లలను ముందు నిలబెట్టి, "ఎంత రుద్దినా మెడ మీద మట్టి పోవడం లేదండీ" అంటారు. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమలు గుడ్డలా ఉంటే అది మట్టి కాదు. చాలామందిలో ఇది శరీరంలో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని తెలిపే గుర్తు. బరువు ఎక్కువ ఉన్న పిల్లల్లో, ఇంట్లో షుగరు ఉన్నవారి పిల్లల్లో ఎక్కువగా చూస్తాము. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉన్నదని ఐసీఎంఆర్ వారి అధ్యయనం 2023లో తెలిపింది.

కాబట్టి పిల్లవాడి మెడను పీచుతో రుద్ది ఏడిపించకండి. రక్తంలో షుగరు పరీక్ష చేయించండి. బరువు తగ్గి, తెల్లన్నం కొంత తగ్గి, ఆటలు పెరిగితే మెడ నలుపు కూడా నెమ్మదిగా తగ్గుతుంది.

కుష్ఠు గుర్తులు, భయం లేని మాటలు

సంఘంలోని పెద్దలకు తెలుసు. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వారి ఆసుపత్రి, తెనాలిలో గ్రెట్నాల్టెస్ సంస్థ ఈ జబ్బు ఉన్నవారికి ఎంతో సేవ చేశాయి. 2005 చివరికి మన దేశంలో ఈ జబ్బు పదివేల మందిలో ఒకరికంటే తక్కువకు దిగింది. చాలామంది ఇక లేదనుకున్నారు. కాని కొత్తవారు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. ఈ గుర్తులు తెలుసుకోండి.

పాలిపోయిన లేదా ఎర్రని మచ్చ, దురద ఉండదు. దూదితో తాకితే తెలియదు, వేడి తెలియదు. మచ్చ మీద చెమట పట్టదు, వెంట్రుకలు రాలిపోతాయి. చేతులు, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. చెవి తమ్మెలు దళసరిగా అవుతాయి. కనుబొమలు పలచబడతాయి. ముఖం మీది మచ్చకు మాత్రం స్పర్శ మిగిలి ఉండవచ్చు. కనుక ముఖం మీద పాలిపోయిన మచ్చ ఉంటే, స్పర్శ ఉన్నా సరే చూపించుకోవాలి.

మందు ప్రభుత్వ ఆసుపత్రులలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. జబ్బు తీరును బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు వాడాలి. మందు మొదలుపెట్టిన కొద్దికాలంలోనే ఇతరులకు అంటించే గుణం పోతుంది. కలిసి భోజనం చేయవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు, పిల్లలను కనవచ్చు. ఒకప్పుడు క్రైస్తవ వివాహాలతో సహా మన దేశంలోని వివాహ చట్టాలలో ఈ జబ్బు విడాకులకు కారణంగా ఉండేది. 2019లో పార్లమెంటు దానిని తొలగించింది. చట్టం మారింది, మన ఇళ్లలో మాటలు కూడా మారాలి. జబ్బు సంగతి ఎవరికి చెప్పాలో ఆ మనిషి ఇష్టం. మా ఆసుపత్రిలో అది బయటకు పోదు.

చేయించుకోదలచినవారు పాటించవలసినవి

పెళ్లికి వారం ముందు మొదలుపెట్టకండి. ఆరుసార్లు చేయాలంటే రెండున్నర నెలల వరకు పట్టవచ్చు. వేసవి సెలవుల్లో పెళ్లి పెట్టుకున్నవారు చలికాలంలోనే మొదలుపెట్టాలి. రోహిణి కార్తె ఎండలో, కొత్తగా రుద్దిన చర్మంతో బండి మీద ప్రకాశం బ్యారేజి దాటితే, పెట్టిన ఖర్చంతా నల్లమచ్చగా మారుతుంది.

చర్మ వైద్యునికి ఒకసారి చూపించుకున్న తరువాతే వెళ్లండి. డబ్బు ఇబ్బంది ఉన్నవారు విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగానికి వెళ్లవచ్చు.

నర్సులుగా మేము గట్టిగా చెప్పే మాట ఒకటి ఉంది. "నా ముందు చేసినవారికి వాడిన కొనను ఎలా శుభ్రం చేశారు?" అని అడగండి. గుడ్డతో తుడిస్తే చాలదు. మార్చగల కొన అయితే కొత్తది వేయాలి, లేకపోతే ఆసుపత్రి సామానులా స్టెరిలైజ్ చేయాలి. కళ్లకు రక్షణ పెట్టమనండి. పొడి కంట్లో పడితే నల్లగుడ్డుకు గాయం కావచ్చు. రక్తపు చుక్క కనబడితే లోతుగా రుద్దారని అర్థం. అప్పుడే ఆపమని చెప్పండి.

చేయించుకున్న తరువాత రెండు మూడు రోజులు సున్నిపిండి, నిమ్మరసం, ఘాటు క్రీములు ముఖానికి తాకించవద్దు. తేమనిచ్చే మామూలు క్రీము, సన్‌స్క్రీన్ చాలు.

మీరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: దీనివల్ల తెల్లగా అవుతామా?
జవాబు: కారు. మీ చర్మం మీ రంగులోనే శుభ్రంగా, నునుపుగా కనబడుతుంది. పుట్టుకతో వచ్చిన రంగుకు మందు అవసరం లేదు.

ప్రశ్న: షుగరు ఉన్నవారు చేయించుకోవచ్చా?
జవాబు: షుగరు అదుపులో ఉంటే డాక్టరును అడిగి చేయించుకోవచ్చు. అదుపులో లేకపోతే పుండు త్వరగా మానదు, చీము పట్టవచ్చు. ముందు షుగరును అదుపు చేసుకోండి.

ప్రశ్న: ఇంట్లో ఉప్పు, పంచదారతో రుద్దుకుంటే అదే ఫలితం వస్తుందా?
జవాబు: ఆ పలుకులు గరుకుగా ఉండి చర్మాన్ని గీస్తాయి. ముఖానికి వాడకండి. మెత్తని సున్నిపిండితో మెల్లగా, వారానికి ఒకసారి రుద్దుకుంటే చాలు.

పాఠం నుండి ఇంటికి పని

వచ్చే ఆదివారం స్నానాల వేళ ఇంట్లో ఒకరి వీపు ఒకరు చూసుకోండి. మనకు కనబడనిది వీపే. పాలిపోయిన మచ్చ ఉంటే, వారిని కళ్లు మూసుకోమని చెప్పి, దూదిని సన్నగా పురి పెట్టి మచ్చ మీద ఒకసారి, పక్కనున్న మంచి చర్మం మీద ఒకసారి తాకించండి. తాకినచోట వేలు పెట్టి చూపించమనండి. చూపించలేకపోతే ఏ మాత్రం ఆలస్యం చేయకుండా మీ ఊరి ఆశా కార్యకర్తకు గాని, ఆరోగ్య కేంద్రంలో గాని, మాకు గాని చెప్పండి. స్పర్శ బాగానే ఉన్నా మచ్చ ఆరు వారాలలో తగ్గకపోతే ఒకసారి వచ్చి చూపించుకోండి. ఈసారి మేము దూదితో తాకి చూసిన తరువాతే జవాబు చెబుతాము.